మాన్యువల్ లెన్స్ మీదున్న ఇన్ఫినిటీ గుర్తును నమ్మకండి

రాత్రి ఆకాశం ఫొటోలు తీయడం మొదలుపెట్టిన మిత్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. ఒక ఫొటో పంపిస్తారు, అందులో చుక్కలన్నీ ఉబ్బిపోయి ఉంటాయి. "నా సెన్సర్ బాగాలేదా? కెమెరా మార్చాలా?" అంటారు. పదిలో ఎనిమిదిసార్లు నా జవాబు కూడా ఒకటే: సెన్సర్ బాగానే ఉంది, లెన్స్ కూడా బాగానే ఉంది, ఫోకస్ తప్పింది. లక్ష రూపాయలు పెట్టి కెమెరా మార్చినా ఆ తప్పు మీతోపాటే కొత్త కెమెరాలోకి వస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే తప్పు చేసి మళ్లీ దొరకనిదాన్ని పోగొట్టుకున్నవాణ్ని నేను.

రావిర్యాలలో ఒక తెల్లవారుజాము

2024 అక్టోబరు తొలి రోజులు. సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క సూర్యోదయానికి ముందు తూర్పు దిక్కున, నేలకు దగ్గరగా కనిపిస్తోంది. ఉత్తరాన సిటీ వెలుగు, పడమర శంషాబాద్ ఎయిర్‌పోర్టు వెలుగు. తూర్పున ఇబ్రహీంపట్నం వైపు మాత్రం రావిర్యాల నుంచి చూస్తే ఆకాశం కాస్త నయం. ఔటర్ దిగితే చెరువు దగ్గరే. అందుకే నాలుగింటికల్లా అక్కడికి చేరాను.

నా దగ్గర ఉన్నది పాత 50 ఎంఎం ఎఫ్/2 మాన్యువల్ లెన్స్. ఎం42 మౌంట్‌ది. అడాప్టర్ పెట్టి మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించాను. లెన్స్ మీద పడుకోబెట్టిన ఎనిమిది అంకె ఉంటుంది కదా, అదే ఇన్ఫినిటీ గుర్తు. రింగును సరిగ్గా దాని మీదికి తెచ్చి, కదలకుండా టేపు కూడా వేశాను. తోకచుక్క కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది, ఇన్ఫినిటీ కాకపోతే ఇంకేమిటి అనుకున్నాను. తోకచుక్క పైకి వచ్చాక తెల్లారేలోపు నాకు దొరికింది అరగంట. ఆ అరగంటలో నూటయాభైకి పైగా ఫ్రేములు తీశాను. కెమెరా వెనక ఉన్న మూడంగుళాల స్క్రీన్ మీద అన్నీ అద్భుతంగా కనిపించాయి.

ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిస్తే, ప్రతి నక్షత్రం ఉడికిన సగ్గుబియ్యం గింజలా ఉంది. తోకచుక్క తల దూది ఉండలా ఉంది. నూటయాభై ఫ్రేములూ అంతే. షార్ప్‌నెస్ స్లైడర్ చివరిదాకా లాగినా పోయింది తిరిగి రాలేదు.

అన్నిటికంటే బాధించే విషయం ఇంకోటి. ఆ వేళకు గురుగ్రహం సరిగ్గా నా నెత్తి మీద వెలుగుతోంది. పక్కనే మృగశిర, ఆగ్నేయంగా సిరియస్. ఫోకస్ సరిచూసుకోవడానికి అంతకంటే మంచి దీపాలు దొరకవు. వాటి మీద మూడు నిమిషాలు పెట్టి ఉంటే చాలు, పెట్టలేదు. నెల మధ్యలో అదే తోకచుక్క సాయంత్రం పూట పడమర కనిపించింది కానీ, నాకు వీలు కుదిరిన రోజుల్లో మబ్బులే. ఆ తోకచుక్క మన జీవితకాలంలో మళ్లీ రాదు.

గుర్తు ఎందుకు తప్పుతుంది?

లెన్స్ పాడైందనో, కంపెనీ మోసం చేసిందనో అనుకోకండి. ఇది కొలతల సంగతి.

24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 4 మైక్రాన్లు ఉంటుంది. ఎఫ్/2 దగ్గర నక్షత్రం చుక్కలా పడాలంటే, లెన్స్ ఏర్పరిచే బింబం సెన్సర్ నుంచి ఇటు 8, అటు 8 మైక్రాన్లకు మించి జరగకూడదు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే మనకున్న వెసులుబాటు వెంట్రుకలో తొమ్మిదో వంతు.

ఇప్పుడు అడాప్టర్ సంగతి చూడండి. ఎం42 లెన్స్‌కు మౌంట్ నుంచి ఫిల్ముకు ఉండాల్సిన దూరం 45.46 ఎంఎం. సోనీ ఈ-మౌంట్‌లో అది 18 ఎంఎం. కాబట్టి అడాప్టర్ మందం 27.46 ఎంఎం ఉండాలి. అది కాస్త మందమైతే లెన్స్ ఇన్ఫినిటీకి చేరనే చేరదు. అందుకే చాలా అడాప్టర్లను కాస్త పలచగానే చేస్తారు. 0.05 ఎంఎం పలచనైందనుకోండి, గుర్తు దగ్గర ఫోకస్ ఇన్ఫినిటీని దాటి 50 మైక్రాన్లు పక్కకు పోయినట్టే. ఎఫ్/2 దగ్గర అది ఆరు పిక్సెళ్ల మచ్చ అవుతుంది. నా సగ్గుబియ్యం గింజల లెక్క ఇదే.

అడాప్టర్ లేని లెన్స్‌కైనా ఎండా చలీ తప్పవు. 50 ఎంఎం పొడవున్న అల్యూమినియం గొట్టం 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 11 మైక్రాన్లు కుదించుకుపోతుంది. మనకున్న వెసులుబాటు 8 మైక్రాన్లే కదా! గాజు కూడా మారుతుంది కాబట్టి అసలు లెక్క ఇంకొంచెం చిక్కు. అందుకే మంచి లెన్సుల్లో రింగు ఇన్ఫినిటీ దాటి కాస్త ముందుకు తిరిగేలా వదిలేస్తారు. "నా లెన్స్ రింగు గుర్తు దాటి పోతోంది, రిటర్న్ ఇవ్వనా?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే: అది లోపం కాదు, అది ఉండాలి. సరిగ్గా గుర్తు దగ్గరే ఆగిపోయే లెన్స్‌ను చూసే నేను భయపడతాను.

ఇంకో ఉచ్చు హైపర్‌ఫోకల్ పట్టికలు. 14 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/2.8 దగ్గర 2.3 మీటర్లకు ఫోకస్ చేస్తే అనంతం దాకా షార్ప్‌గా ఉంటుందని ఫుల్‌ఫ్రేమ్ పట్టిక చెబుతుంది. ఆ పట్టిక ప్రకారం 0.03 ఎంఎం మచ్చ కూడా 'షార్ప్' కిందే లెక్క. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్‌లో అది ఐదు పిక్సెళ్లు. కొండలకు, గుళ్లకు సరిపోతుంది. నక్షత్రాలకు పనికిరాదు.

మూడు నిమిషాల పని

ముందుగా లెన్స్‌ను బయటి గాలికి అలవాటు పడనివ్వండి. ఏసీ కారులోంచి తీసి వెంటనే చెరువు పక్కన పెడితే అద్దం మీద ఆవిరి పడుతుంది. అరగంట ఆగండి.

తర్వాత అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 3200 లేదా 6400 పెట్టి, లైవ్ వ్యూలో ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఫ్రేమ్ మధ్యకు తెచ్చుకోండి. చలికాలం సిరియస్, వేసవిలో స్వాతి, వానలు వెనకబడ్డాక అభిజిత్ చక్కగా పనికొస్తాయి. స్క్రీన్‌ను పది రెట్లు పెద్దది చేయండి. ఇప్పుడు రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. నక్షత్రం చిన్నదవుతూ వచ్చి, ఒక చోట దాటగానే మళ్లీ ఉబ్బుతుంది. ఆ దాటడం చూడాలి. చూడకుండా "చాలు, చిన్నదైంది" అని ఆగిపోతే పని సగమే అయినట్టు. దాటి, వెనక్కి వచ్చి, అతి చిన్న చుక్క దగ్గర ఆపండి. ఫోకస్ సరిగ్గా కుదిరినప్పుడు పక్కనే ఇందాకటిదాకా లేని మసక నక్షత్రాలు పుట్టుకొస్తాయి. అదే అసలు సాక్ష్యం. చాలా లెన్సుల్లో నక్షత్రం అంచుకు ఒకవైపు ఊదా, ఇంకోవైపు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. రంగు మారే చోటే మీకు కావలసింది.

మబ్బు ఉండి నక్షత్రం దొరక్కపోతే? 50 ఎంఎం లెన్స్‌కు కిలోమీటరు దూరంలోని ఔటర్ లైటు చాలు. అక్కడికీ ఇన్ఫినిటీకీ తేడా రెండున్నర మైక్రాన్లే. అదే 135 ఎంఎం అయితే తేడా 18 మైక్రాన్లు. అప్పుడు లైటుతో కుదరదు, నక్షత్రమే కావాలి.

కుదిరాక రింగు మీద టేపు వేయండి. నేను కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపే వాడతాను. అయిదు సెకన్ల ఫొటో ఒకటి తీసి, పూర్తిగా జూమ్ చేసి చూడండి. గంటకోసారి మళ్లీ చూడండి, ఎందుకంటే చలి పెరుగుతూనే ఉంటుంది. మసక వెలుతురులో ఫోకస్ పీకింగ్ రంగులను నమ్మకండి.

ఆటోఫోకస్ ఉండగా ఇదంతా ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. 2020లో వచ్చిన ఒలింపస్ ఈ-ఎం1 మార్క్ త్రీలో నక్షత్రాల కోసమే ప్రత్యేక ఆటోఫోకస్ ఇచ్చారు. మంచి సౌకర్యం. మామూలు ఆటోఫోకస్ కూడా గురుగ్రహాన్నో చందమామనో పట్టుకోగలదు. పట్టాక మాన్యువల్‌కు మార్చుకోవచ్చు. కానీ ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటి రింగుకు గాజుతో నేరుగా లంకె ఉండదు, మధ్యలో మోటారు ఉంటుంది. కొన్ని కెమెరాలు ఆఫ్ చేసి ఆన్ చేయగానే పెట్టుకున్న ఫోకస్ కాస్తా పోతుంది. బ్యాటరీ మార్చినా అంతే. మాన్యువల్ లెన్స్ మాత్రం టేపు వేసిన చోటే ఉంటుంది. తక్కువ ఖర్చులో ఆకాశం మొదలుపెట్టేవాళ్లకు ఇప్పటికీ నా ఓటు దానికే.

ఫోన్లలోనూ ఇదే కథ. ప్రో మోడ్‌లో స్లైడర్‌ను కొండ బొమ్మ దాకా లాగి, అదే ఇన్ఫినిటీ అనుకుంటాం. ఫోన్ లెన్స్‌ను కదిలించేది చిన్న కాయిల్ మోటారు. ఫోన్‌ను నిటారుగా ఆకాశం వైపు తిప్పితే గురుత్వం వల్ల కూడా కొన్నిట్లో లెన్స్ స్థానం కొంత మారుతుంది. కాబట్టి స్లైడర్ చివరిలో ఒక ఫొటో, ఒక మెట్టు ముందు ఒకటి, రెండు మెట్లు ముందు ఇంకోటి తీసి పోల్చి చూసుకోండి.

రివ్యూలు రాసే మనవాళ్లకూ ఒక మాట

ఇబ్రహీంపట్నం దాటి వెళ్తే జపాల్-రంగాపూర్ దగ్గర ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీ ఉంది. 1968 నాటి 48 అంగుళాల టెలిస్కోప్ అక్కడిది. దానికి ముందు తరంలో, బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ అంతర్జాతీయ నక్షత్ర పటం కోసం గాజు ప్లేట్ల మీద ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలను నమోదు చేసింది. ప్లేట్ల కాలంలో ఫోకస్ కుదిరిందో లేదో ప్లేటు కడిగితే గానీ తెలిసేది కాదు. మనకు పది రెట్ల జూమ్ ఉంది, తీసిన మరుక్షణం చూసుకునే వీలుంది. అయినా చూసుకోవడం లేదు.

తప్పు కొనేవాళ్లది మాత్రమే కాదు. లెన్స్ రివ్యూల్లో మనం పగటిపూట చార్టు ఫొటోలు, బొకే, అన్‌బాక్సింగ్ అన్నీ చూపిస్తాం. రింగు ఇన్ఫినిటీ దాటి ఎంత తిరుగుతుందో, మూడు మీటర్ల నుంచి అనంతానికి రింగులో ఎంత జాగా ఇచ్చారో, నిజమైన ఫోకస్ గుర్తుకు ఎంత పక్కన ఉందో ఎవరం రాయం. నా పాత రివ్యూల్లో నేనూ రాయలేదు. ఇకమీద మాన్యువల్ లెన్స్ రివ్యూ చేస్తే ఆ మూడూ రాస్తాను. రాయని రివ్యూను మీరూ ప్రశ్నించండి.

చీకటి ఆకాశం కోసం రెండొందల కిలోమీటర్లు వెళ్లేముందు ఒక సాయంత్రం రావిర్యాలకో, మీ ఊరి చెరువు కట్టకో వెళ్లండి. పాలపుంత కనిపించకపోయినా పర్లేదు. ఒక్క నక్షత్రం కనిపిస్తే చాలు, దాని మీద ఫోకస్ నేర్చుకోండి. దొరికిన చోట మీ లెన్స్ మీద మీదైన గుర్తు ఒకటి పెట్టుకోండి. నేను తెల్ల నెయిల్ పాలిష్‌తో పెట్టుకున్నాను. కంపెనీ వాళ్ల గుర్తుకు అది దాదాపు రెండు మిల్లీమీటర్ల ఇవతల ఉంది. ప్రతిసారీ అక్కడి నుంచి మొదలుపెట్టి, మళ్లీ నక్షత్రంతోనే సరిచూసుకుంటాను.