గాలిని చూపు గుడ్డపీలిక

మన పాఠశాల క్రీడాస్థలమున విలువిద్య యభ్యాసము జరుగుచుండగా నిలిచి చూచువారికి రెండు మాటలు తరచుగా వినబడుచుండును. బాణము గురి తప్పగానే వేసినవారు "గాలి" యందురు. చూచినవారు "అశ్రద్ధ" యందురు. ఈ రెంటిలో ఏది నిజమో తెలిసికొనుటకు మనకు చాలకాలము ఎట్టి సాధనమును లేకుండెను. సాధనము లేనిచోట పెద్ద గొంతుక గలవాని మాటయే నెగ్గును. పాఠశాలలో ఆ గొంతుక సామాన్యముగా ఉపాధ్యాయునిదే. కావున విల్లు పట్టు ప్రతి విద్యార్థియు, రైఫిలు పట్టు ప్రతి యన్.సి.సి. కాడెట్టును, గాలి జెండా నొకదానిని తన చేతులతో చేసికొని, దానిని చదువ నేర్చిన పిమ్మటనే ఆరుబయట గురి యభ్యాసమునకు దిగవలెనని మేము తలంచుచున్నాము. ఈ తలంపు మాకు మేము చేసిన యొక తప్పువలన కలిగినది. ముందుగా దానిని చెప్పుట న్యాయము.

కొన్ని సంవత్సరముల క్రిందట పాఠశాలల పోటీకి జట్టు నేర్పరచుచుంటిమి. వెదురు విల్లుతో 30 మీటర్లు, 50 మీటర్ల దూరములనుండి వేయు ఇండియన్ రౌండు పోటీ యది. కొందరు ఉదయమున వేసిరి. మిగిలినవారు మధ్యాహ్నము మూడు గంటలు దాటిన పిమ్మట వేసిరి. ఉదయము వేసినవారి బాణములు పసుపు వలయముచుట్టు చేరినవి. మధ్యాహ్నము వేసినవారిలో పదవ తరగతి బాలిక యొకతె యుండెను. అంతకుముందు వారముల తరబడి అందరికంటె బాగుగా వేసినది ఆమెయే. ఆనాడు ఆమె బాణములు ఒకదానివెంట నొకటి కుడివైపునకే పోయెను. "మాస్టారూ, అక్కడ గాలి కొడుతోందండీ" యని ఆమె చెప్పెను. మేము నిలిచిన చోట ఆకైన కదలుట లేదు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్లున్నది, అమ్మాయీ" యంటిమి. తోడి పిల్లలు నవ్విరి. ఆమె పేరు జట్టులో చేరలేదు.

పట్టిక పంపిన మూడవనాడు ఆ బాలిక, ఎవరితోను చెప్పక, తల్లి పాతచీర అంచు చించి వెదురుపుల్లకు కట్టి, దానిని మైదానము నడుమ నాటెను. మేము ఎప్పటిచోటనే నిలిచి చూచితిమి. మా ముఖమునకు గాలి తగులుట లేదు. ఆ పీలిక మాత్రము నేలకు సమాంతరముగా లేచి కుడివైపునకు రెపరెపలాడుచుండెను. సంగతి అప్పుడు బోధపడినది. బాణములు వేయు గీత వసతిగృహపు గోడ చాటున నున్నది. కొంతదూరము పోగానే గోడ ముగియును. అచ్చటినుండి సముద్రపుగాలి అడ్డముగా వీచుచున్నది. పగటివేళ నేల నీటికంటె త్వరగా వేడెక్కును. నేలమీది గాలి తేలికపడి పైకి లేచును. దాని స్థానమునకు సముద్రముమీది చల్లగాలి వచ్చి చేరును. మధ్యాహ్నమున ఈ గాలి బలపడును. ఇది మేము ప్రతి సంవత్సరము తరగతిలో బోధించు పాఠమే! నల్లబల్లమీద బాణపుగుర్తులతో గీసిన గాలిని మా మైదానములో మేము గుర్తుపట్టలేకపోతిమి.

మరునాడు తరగతి యెదుట మా తప్పు నొప్పుకొంటిమి. కాని పంపిన పట్టిక మారలేదు. ఆ యేడే ఆమె చదువు ముగించి వెళ్లిపోయెను. ఆ చీర పీలిక నేటికిని మా బల్ల సొరుగులో నున్నది.

గాలి గురిని ఎంత జరుపగలదో విద్యార్థులు తెలిసికొనవలెను. 50 మీటర్ల రైఫిలు పోటీలో లక్ష్యము నడిమి పది మార్కుల వలయపు వ్యాసము 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ పైని ఒక్కొక్క వలయము 8 మిల్లీమీటర్ల వెడల్పు. పాయింటు 22 తూటా ఆ దూరమును సుమారు సెకనులో ఆరవవంతు కాలమున దాటిపోవును. అంత స్వల్పకాలములోనే, చెట్ల చిన్నకొమ్మలను కదలించు గాలి అడ్డముగా వీచినచో, దానిని ఒక వలయమునకు పైగా ప్రక్కకు త్రోయగలదు. వెదురు విల్లు విడిచిన బాణమో, 50 మీటర్లు పోవుటకు ఒక సెకనుకు అటునిటుగా పట్టును. అది పొడవైనది, దాని తోకకు ఈకలున్నవి, గాలికి పట్టు చిక్కుట కది చాలును. చేయి ఎంత స్థిరముగా నున్నను, గాలి నెరుగనివాని బాణము గాలి చెప్పినచోటికే పోవును.

ఈ సాధనము పిల్లల యాటవస్తువని యెవరును అనుకొనకుందురు గాక. ప్రపంచ రైఫిలు పోటీల నియమములలో గాలి జెండాలకు స్థానము కలదు. 50 మీటర్ల మైదానమున, కాల్చు గీతకు 10 మీటర్లు, 30 మీటర్ల దూరములలో, 5 సెంటీమీటర్ల వెడల్పును 40 సెంటీమీటర్ల పొడవును గల నూలుగుడ్డ జెండాలను తూటా పోవు దారికి సమీపమున నుంచవలెనని ఆ నియమము. విలువిద్య పోటీలలోను ప్రతి లక్ష్యముపైన ఒక చిన్న జెండా యెగురవలెను. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ, 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది. అంతటివారు వేయు మైదానములలోను గాలిని చూపునది గుడ్డముక్కయే. మన పాత చొక్కాలలో లేని వస్తువేదియు అందులో లేదు.

ఇక చేయు విధానము. పాత నూలు చొక్కానుండి పైని చెప్పిన కొలతకు ఒక పీలిక కత్తిరింపవలెను. పచ్చిక ముందర కనబడుటకు, సగము భాగమునకు మరియొక రంగు గుడ్డ కుట్టినచో మేలు. పొట్టి అంచును మడిచి, సన్నని గొట్టమువలె కుట్టవలెను. ఒక మీటరునకు పైగా పొడవుగల వెదురుబద్ద చివర సైకిలు చక్రపు చువ్వను నిలువుగా దారముతో బిగించి, చువ్వలో మొదట ఒక పూసను, దానిపై గుడ్డగొట్టమును, మరల ఒక పూసను గ్రుచ్చవలెను. చువ్వ కొనను వంచివేయవలెను; అందుచేత పూసలు జారిపోవు, ఎవరి కంటికిని దెబ్బ తగులదు. పూసలమీద గుడ్డ సులభముగా తిరుగును గనుక పీలిక కర్రకు చుట్టుకొనదు. గాలి లేనప్పుడు అది వ్రేలాడును. గాలి హెచ్చుకొలది పైకి లేచును. చీర పీలికవంటి పలుచని పట్టుగుడ్డ ఏ కొద్దిగాలికైనను పూర్తిగా లేచిపోవును. అట్టిది గాలి యున్నదని చెప్పును గాని ఎంత యున్నదో చెప్పలేదు. బరువైన గుడ్డ అసలే లేవదు.

దిక్కును మరింత స్పష్టముగా చూపుటకు తోకగల జెండా మేలు. ఒక జానెడున్నర వెదురుపుల్లకు వెనుక కొనను పాత ప్లాస్టికు ఫైలు అట్టముక్కను తోకగా బిగించి, ముందు కొనను ఒక ఇనుప నట్టు కట్టవలెను. పుల్లను వ్రేలిమీద నిలిపి, ఏ చోట తూగునో ఆ చోటనే రంధ్రము చేసి చువ్వమీద నుంచవలెను. తూనిక తప్పినచోట రంధ్రము చేసినయెడల, కర్ర కొంచెము వంగినప్పుడు తోక తన బరువుచేతనే ఒకవైపునకు తిరిగి నిలుచును; అది గాలిని గూర్చి తప్పుడు సాక్ష్యము చెప్పును. మా విద్యార్థులు మొదట చేసిన వానిలో సగము ఈ దోషముచేతనే పనికిరాక పోయినవి. పసిపిల్లలు ఈతముల్లుకు గ్రుచ్చి యాడుకొను తాటాకు గిరకను ప్రక్కన నిలిపినచో, గాలి హెచ్చుతగ్గులు వెంటనే తెలియును.

జెండా చేసినంతమాత్రమున పని తీరదు. దాని భాష నేర్వవలెను. గాలి లేని వేకువవేళ మైదానమున 100 మీటర్లు కొలిచి, ఒకడు సైకిలు త్రొక్కగా, వెనుక కూర్చున్న రెండవవాడు జెండాను ప్రక్కకు చాచి పట్టుకొనవలెను. మూడవవాడు గడియారము చూడవలెను. ఆ దూరమును 30 సెకనులలో పోయినచో, సెకనుకు 3.3 మీటర్ల గాలి వీచినప్పుడు పీలిక ఎంత లేచునో అంతయే లేచును; 20 సెకనులలో పోయినచో 5 మీటర్ల గాలికి లేచునంత. ఆ యెత్తులను పుస్తకములో గీసికొనినచో, కానియైన ఖర్చు లేకుండ గాలి కొలత చేతికి వచ్చును. ఆ కొలతను చెట్లతోను సరిచూచుకొనవచ్చును. 1805లో బ్యూఫోర్టు అను నావికాధికారి ఏర్పరచిన గాలి మెట్లు ఇప్పటికిని వాడుకలో నున్నవి. ఆకులు గలగలలాడి ముఖమునకు గాలి తెలిసినచో రెండవ మెట్టు. ఆకులును చిన్నకొమ్మలును ఎడతెగక కదలుచు, పలుచని జెండా చాచుకొని నిలిచినచో మూడవది, అనగా సెకనుకు 3.4 మొదలు 5.4 మీటర్ల వరకు; దుమ్మును కాగితములును లేచినచో నాలుగవది.

జెండాలను బాణము పోవు ఎత్తునకు దగ్గరగా, దారికి ప్రక్కగా నాటవలెను. నేలకు ఆనుకొనిన గాలి మందముగా నుండును; చెట్లపైని గాలి వేగముగా నుండును; మనకు కావలసినది బాణము కలిసికొను గాలి. ఒక్క జెండా చాలదు. దగ్గర నొకటి, నడుమ నొకటి, లక్ష్యముపై నొకటి యుండవలెను. గోడచాటు గల మైదానమున ఈ మూడును మూడు మాటలు చెప్పుట కలదు. అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు: అందరును విల్లులు క్రింద నుంచి, అధ్యాపకుడు అనుజ్ఞ ఇచ్చినగాని, జెండా నాటుటకైనను సరిచేయుటకైనను ఎవడును గీత దాటరాదు. రైఫిలు మైదానమున ఈ నియమము మరింత కఠినము.

గాలి వచ్చు కోణమును లెక్కింపవలెను. సరిగా ప్రక్కనుండి వచ్చు గాలి తన బలమంతయు చూపును. బాణపుదారికి 30 డిగ్రీల వాలున వచ్చు గాలి ప్రక్కకు త్రోయుటలో సగము బలము గలది. 45 డిగ్రీలకు పదింట ఏడువంతులు. త్రికోణమితి ఎందుకని యడుగు పదవ తరగతి విద్యార్థులకు ఇంతకంటె మంచి సమాధానము మాకు తెలియదు. క్రొత్తగా నేర్చువారు గురిని జరుపుటకు తొందరపడరాదు. జెండా ఒకే తీరుగా నిలిచిన వేళ నొకదానిని ఎన్నుకొని, అట్టి వేళలందే వేసి, మిగిలిన వేళ ఓపికతో ఆగుట మొదటి పాఠము. ప్రతి బాణమునకును జెండా యున్న తీరును, బాణము తగిలిన చోటును వ్రాసికొనవలెను.

ఈ విషయమున మాతో ఏకీభవింపనివారు కలరు. ఒక తండ్రిగారు, "చేతిలోని ఫోను గాలివేగము చెప్పుచుండగా ఈ గుడ్డపీలిక లెందుకు?" అని యడిగిరి. వాతావరణ కేంద్రములు గాలిని సామాన్యముగా 10 మీటర్ల యెత్తున కొలుచును. ఫోను చెప్పునది ఆ యెత్తున ఒక ప్రాంతమంతటికి వేసిన అంచనా. మన వసతిగృహపు గోడ ఆ ఫోనునకు తెలియదు. మరికొందరు, కొనుటకు మంచి జెండాలు దొరకునందురు. దొరకును, కొన్నవానిని నిందింపము. కాని తూనిక తప్పిన జెండాను తాను చేసి, దాని దోషము తానే కనుగొనిన బాలుడు, ఏ సాధనమునైనను పరీక్షింపక నమ్మడు. ఆ గుణము అంగడిలో దొరకదు.

మా సహోపాధ్యాయులలో ఒకరు చెప్పిన ఆక్షేపణయే బలమైనది. "పిల్లలకు జెండా ఇచ్చితిమా, ప్రతి తప్పునకు గాలిని సాకుగా చూపుదురు" అని వారనిరి. మేము కొంతకాలము చూచి చెప్పుచున్నాము: జెండా లేనప్పుడే ఆ సాకు చెల్లును. జెండా వ్రేలాడుచుండగా తప్పిన బాణము పుస్తకములో వ్రాయబడినచో, అది తన తప్పేయని విద్యార్థి యెవరును చెప్పకయే గ్రహించును. జెండా లేచియుండగా తప్పినచో, దూషించుటకు నోరు తెరచిన ఉపాధ్యాయుడు దానిని మూసికొనును. మాకు ఈ రెండవ మేలు మొదటిదానికంటె తక్కువయని తోచుట లేదు.

తల్లిదండ్రులారా, మీ యింటి పాతగుడ్డలలో ఒక పీలికను, విరిగిన సైకిలు చువ్వ నొకదానిని మీ పిల్లల కిండు. విద్యార్థులారా, వచ్చు అభ్యాసమునకు మీ జెండాలతో రండు. మేము ఇకమీదట గోడచాటున నిలువము. మైదానము నడుమకు ప్రక్కగా, గీత వెనుకనుండి జెండాలన్నియు కనబడు చోట నిలుతుము. "గాలి కొడుతోందండీ" యని మీలో నెవరైన చెప్పినప్పుడు, మొదట జెండాను చూచి, ఆ తరువాతనే మాటలాడుదుము.