హెడ్‌లైట్ల మోజు: కొన్నవారికి వెలుగు, ఎదుటివారికి చీకటి

రాత్రిపూట, వానలో రోడ్డు సరిగా కనిపించడం లేదని కారు యజమాని యాక్సెసరీస్ షాపుకు వెళితే దొరికే సలహా దాదాపు ఒక్కటే: హాలోజెన్ బల్బులు తీసేసి తెల్లటి ఎల్‌ఈడీలు వేయించుకోమని. పావుగంట పని. షాపు గోడ మీద వెలుగు రెట్టింపైనట్టే ఉంటుంది. అసలు సంగతి హైవే ఎక్కాక తెలుస్తుంది.

హాలోజెన్ హెడ్‌లైట్‌లోని రిఫ్లెక్టర్‌ను ఫిలమెంట్ ఏ చోట, ఎంత సైజులో ఉంటుందో లెక్కగట్టి తయారుచేస్తారు. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం కాబట్టి లో బీమ్ ఎడమ అంచున కాస్త పైకి లేచి, ఎదుటి వాహనం వచ్చే కుడివైపు కిందికే ఉండాలి. ఎల్‌ఈడీ చిప్ సరిగ్గా ఫిలమెంట్ ఉండే చోట కూర్చోకపోతే ఈ హద్దు చెదిరిపోతుంది. కొంత వెలుగు ఎదుటి డ్రైవర్ కళ్లలో పడుతుంది, కొంత కారు ముందున్న నాలుగడుగుల నేల మీద వృథా అవుతుంది. దగ్గరి నేల మరీ వెలిగితే కంటిపాప ముడుచుకుని, దూరాన ఉన్న గేదె, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ఇంకా చీకట్లో కలిసిపోతాయి.

వానలో చిక్కు మరింత ఎక్కువ. తడిసిన తారు అద్దంలా వెలుగును ముందుకే తోసేస్తుంది. డ్రైవర్ వైపు తిరిగొచ్చేది తక్కువ, ఎదుటివారి కళ్లకు తగిలేది ఎక్కువ. పసుపు కాంతి వానను చీల్చుకుపోతుందన్నది కూడా అపోహే. కాంతి తరంగాలతో పోలిస్తే చినుకులు ఎంతో పెద్దవి కాబట్టి అన్ని రంగులూ ఇంచుమించు ఒకేలా చెదురుతాయి. ఫాగ్ ల్యాంప్‌కు బలం రంగు కాదు, కిందుగా, వెడల్పుగా పడే వెలుగు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో 64 శాతం ద్విచక్ర వాహనదారులు, పాదచారులే. ఎదుటి వెలుగుకు కళ్లు చెదిరిన డ్రైవర్‌కు ముందుగా కనిపించకుండా పోయేదీ వీళ్లే.

చట్టం లేక కాదు. 2019 సవరణ ప్రకారం నిబంధనలకు విరుద్ధంగా వాహనంలో చేసిన ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు. ఒకప్పుడు హెడ్‌లైట్ మీద నల్లచుక్క లేకపోతే పోలీసు ఆపేవాడు. ఇప్పుడు రోడ్డు పక్కన నిలబడి బీమ్ కొలిచేవారు లేరు. గ్రేట్ బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండాక ఏటా హెడ్‌లైట్ దిశ చూస్తారు. ఇక్కడ సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష 15 ఏళ్ల తర్వాతే. పొగ సర్టిఫికెట్ మాత్రం అంతకంటే ఎన్నో రెట్లు తరచుగా కావాలి!

చౌకైన మార్గాలు వేరే ఉన్నాయి, షాపువాళ్లకు వాటిలో మిగిలేది తక్కువ. పాత కార్లలో సన్నటి వైర్ల వల్ల బల్బుకు చేరే వోల్టేజీ పడిపోతుంది. పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. కంపెనీ చెప్పిన 60/55 వాట్ల బల్బునే ఉంచి, రిలేతో మందపాటి వైరింగ్ వేయిస్తే పోయిన వెలుగు తిరిగొస్తుంది. 100/90 వాట్ల బల్బు పెడితే ఆ వేడికి హోల్డర్ కరిగే ప్రమాదం ఉంది. పసుపెక్కిన ప్లాస్టిక్ లెన్స్‌ను పాలిష్ చేయించాలి, ముందు అద్దం లోపలివైపు పేరుకున్న జిడ్డు తుడవాలి, వైపర్ రబ్బర్లు మార్చాలి.

వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండితే కారు ముక్కు పైకి లేస్తుంది, బీమ్ కూడా. దాన్ని దించడానికే చాలా కార్లలో స్టీరింగ్ దగ్గర 0 నుంచి 3 అంకెలున్న చిన్న చక్రం ఇస్తారు. కొన్న రోజు నుంచి అది సున్నా దగ్గరే ఉండిపోయిన కార్లు ఎన్నో.