గేటు దాటితే ఎవరి దారి వాళ్లదే

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు రిపన్ అని ఓ చిన్న ఊరుంది. అక్కడ ఆల్‌హాలోగేట్ వీధిలో ఒక పాత భవనం. దాని వెనక బ్లాకులో చాలాకాలం కౌన్సిల్ వాళ్ల సంక్షేమ శాఖ ఆఫీసులు నడిచాయి. 1850ల్లో కట్టినప్పుడు మాత్రం అది వర్క్‌హౌస్.

వర్క్‌హౌస్ అనగానే మనకి సత్రమో, అనాథాశ్రమమో గుర్తొస్తుంది. రెండూ కాదు. 1834లో అక్కడొచ్చిన పేదల చట్టం ఆలోచన వేరు. బయట అతి తక్కువ కూలితో బతికేవాడి కంటే లోపలివాడి బతుకు హీనంగా ఉండాలి. అప్పుడే వేరే గతి లేనివాడు తప్ప ఎవడూ తలుపు తట్టడు.

మరి తిండి పెడుతూ, గూడు ఇస్తూనే ఒక చోటుని భయపెట్టేలా చెయ్యడం ఎలా? ఆ పని ఆర్కిటెక్టు మీద పడింది. శాంప్సన్ కెంప్‌థోర్న్ అనే ఆయన 1835లో నమూనా ప్లాన్లు గీశాడు. అందులో ఒకటి చూడండి. చదరపు ప్రహరీ లోపల కూడిక గుర్తు ఆకారంలో భవనం. దాంతో నాలుగు ఖాళీ పెరళ్లు మిగిలాయి. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి, మగపిల్లలకొకటి, ఆడపిల్లలకొకటి. నడిమధ్యలో మాస్టర్ నివాసం, అక్కణ్ణించి నాలుగు వైపులా కనబడేలా కిటికీలు. భార్యాపిల్లలతో వచ్చినవాడు గేటు దాటగానే ఒంటరివాడైపోతాడు. గోడకి అవతల పెళ్లాం ఉంటుంది, కనబడదు.

మేం సాఫ్ట్‌వేర్‌లో దీన్నే యాక్సెస్ కంట్రోల్ అంటాం. ఎవరు ఎక్కడిదాకా వెళ్లొచ్చో కోడ్‌లో రాస్తాం. వీళ్లు ఇటుకల్లో రాశారు. 1847లో, అరవై దాటిన దంపతుల్ని విడదీయకూడదని చట్టం సవరించారు. గోడలు మాత్రం అప్పటికే లేచిపోయాయి!

రిపన్‌లో వీధి వైపు గేటు బ్లాకు ఉంది, ఇప్పుడది మ్యూజియం. ఎవర్ని లోపలికి రానివ్వాలో తేల్చే గార్డియన్ల సమావేశం గదీ, దేశదిమ్మరులు రాత్రి పడుకునే సెల్లులూ అందులోనే, ఒకే కప్పు కింద. దిమ్మరికి ముందు స్నానం, తర్వాత పడక. పొద్దున్నే రాళ్లో కట్టెలో కొట్టి ఆ రుణం తీర్చుకోవాలి.

కౌన్సిళ్లు ఇలాంటి భవనాల్ని ఏరికోరి కొనలేదు. 1930లో గార్డియన్ల బోర్డులు రద్దయ్యాయి, ఆస్తులు వీళ్ల నెత్తిన పడ్డాయి. పైగా ఆఫీసుకి కావలసినవన్నీ సిద్ధంగానే ఉన్నాయి: పొడవాటి వరండాలు, వరసగా గదులు, సమావేశానికో హాలు, వచ్చేవాళ్లని ఆపి అడగడానికో గేటు. ఖర్చు లెక్కన మంచి బేరమే. కూలగొట్టకుండా వాడుకున్నందుకు నాకూ సంతోషమే. కానీ సాయం కోసం వచ్చేవాళ్లని మళ్లీ అదే ఆవరణలోకి రప్పించడం మాత్రం నాకు మింగుడుపడదు. ఇలాంటి కట్టడాలు ఎన్నో ఆసుపత్రులయ్యాయి కదా, వాటిలో చేరమంటే ముసలివాళ్లు దశాబ్దాల తర్వాత కూడా వణికిపోయేవారట. వాళ్ల లెక్కలో అది ఇంకా వర్క్‌హౌసే.

అధికారులకీ ఇది తెలుసు. అందుకే 1904లో ఒక మాట చెప్పారు: వర్క్‌హౌస్‌లో పుట్టిన పిల్లల జనన పత్రాల్లో ఆ పేరు రాయొద్దు, మామూలు వీధి చిరునామా వెయ్యండి అని. అలాగే వేశారు. ఆ నంబరు ఏ గేటుదో ఊళ్లోవాళ్లకి తెలియకుండా ఉంటుందా?