కాఫీ నడక కొండెక్కాలి

విశాఖపట్నంలోనూ ఒక "కాఫీ నడక" ఉంటే బాగుండునన్న మాట ఈమధ్య మిత్రుల నోట తరచుగా వింటున్నాను. ఇటలీలోని త్రియెస్తె నగరంలో ఉన్నట్టే ఇక్కడా ఒక మార్గదర్శి పాతభవనాల చరిత్ర చెబుతూ ముందు నడవాలట. వెనుక నడిచే పదిమందీ నాలుగుచోట్ల ఆగి, చిన్నచిన్న కప్పుల్లో కాఫీ రుచి చూడాలట. వన్‌టౌన్ పాతవీధుల్లో మొదలై బీచిరోడ్డు దాకా సాగాలట. ఓపికున్నవారికి మరునాడు భీమునిపట్నంలోని డచ్చివారి సమాధులు కూడా చూపించాలట. వినడానికి ముచ్చటగానే ఉన్నది. అయినా నేను దీనికి వ్యతిరేకిని. సముద్రాన్ని చూస్తూ కాఫీ తాగేవారి మీద నాకేమీ కోపం లేదు. దాన్ని కాఫీ కథ అని పిలవడం మీదనే నా అభ్యంతరం.

ముందుగా త్రియెస్తె గొప్పదనం ఒప్పుకుందాం. ఆడ్రియాటిక్ సముద్రపుటొడ్డున, స్లొవేనియా సరిహద్దుకు ఆనుకున్నట్టుగా ఉండే ఆ ఊళ్ళో కాఫీ తోటలు లేవు. అక్కడి చలికి, 'బోరా' అని వారు పిలుచుకునే ఈదురుగాలికి ఆ పంట నిలవదు. 1719లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి ఆరవ చార్లెస్ దాన్ని సుంకాలు లేని రేవుగా ప్రకటించాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా ఆస్ట్రియా సామ్రాజ్యానికి ముఖ్యమైన సముద్రద్వారం అదే. ఆ ద్వారం గుండా కాఫీ బస్తాలు వచ్చాయి. 1830లో పుట్టిన తొమ్మసేయో, 1914లో తెరిచిన సాన్ మార్కో కాఫీశాలలు నేటికీ ఉన్నాయి. 1933లో ఫ్రాంచెస్కో ఇల్లీ అక్కడ స్థాపించిన కాఫీ కంపెనీ పేరు ప్రపంచమంతా ఎరుగును. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 1905 నుంచి 1915 వరకు, మధ్యలో కొన్ని నెలలు మినహాయిస్తే, ఆ ఊళ్ళోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పుకొంటూ సంసారం ఈదాడు.

కాఫీకి సంబంధించి ఆ ఊరివారికి సొంత మాటలు కూడా ఉన్నాయి. మిగతా ఇటలీ ఎస్ప్రెస్సో అనేదాన్ని వారు 'నేరో' అంటారు. కొద్దిగా పాలనురుగు కలిపిన చిన్న కాఫీ 'కాపో'. అదే గాజుగ్లాసులో కావాలంటే 'కాపో ఇన్ బి' అనాలి. రేవులో బస్తాలు దించినవారు, గింజలు ఏరినవారు, వేయించినవారు, రుచి చూసి రకం తేల్చినవారు తరతరాలుగా చేసిన పని మీద ఆ ఊరి కాఫీ గర్వం నిలబడి ఉన్నది. తాము పండించని పంటలో తమ వంతు పని తాము నేర్చుకున్నారు. అది వారి ఘనత.

ఆ నడక నేనూ నడిచాను. సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద కూడలి, పడవలు నిలిచే కాలువ, దాని వంతెన మీద జాయిస్ విగ్రహం, అద్దాల బీరువాల వెనుక పాత కాఫీశాలలు. చివర ఒక బల్ల ముందు నిలబెట్టి మూడు కప్పులు ఇచ్చారు. ఇందులో మా దేశపు గింజ ఏదైనా ఉన్నదా అని అడిగాను. "ఉండవచ్చు, మిశ్రమం సంగతి బయటికి చెప్పరు" అని మార్గదర్శి మర్యాదగానే నవ్వి ఊరుకున్నారు. భారతదేశపు కాఫీని అందరికన్నా ఎక్కువగా కొనే దేశం ఇటలీయే. మన రోబస్టా గింజ లేకపోతే ఎస్ప్రెస్సో మీద తేలే ఆ బంగారురంగు నురుగు చాలా కప్పుల్లో పలచబడుతుంది. ఆ నడకలో కాఫీ కథ ఓడరేవులో మొదలై కప్పులో ముగిసింది. ఓడ ఎక్కకముందు ఆ గింజకు ఒక ఊరు, ఒక కొండ, దాన్ని కోసిన ఒక చెయ్యి ఉన్నాయన్న మాట రెండు గంటల్లో ఒక్కసారీ రాలేదు.

త్రియెస్తెకు ఈ లోపం కొంతవరకు క్షమార్హం. వారికి కొండ చాలా దూరం. మనకేమి సాకు ఉన్నది?

నాది దేవరాపల్లి. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న మా మండలం, జిల్లాల విభజన తరువాత అనకాపల్లి జిల్లాలో చేరింది. మా ఊరి నుంచి చూస్తే తూర్పుకనుమలు గోడ కట్టినట్టు కనిపిస్తాయి. ఆ గోడకు అటువైపు అనంతగిరి, అరకు. ఆ కొండల నీరు శారదానదిగా దిగివచ్చి మా మండలంలోని రైవాడ జలాశయంలో నిలుస్తుంది. అక్కడినుంచి ఒక పాయ పొలాలకు, మరొక పాయ విశాఖ నగరపు కొళాయిలకు పోతుంది. ఆ నీటిని పూర్తిగా రైతులకే వదలాలని ఆయకట్టు రైతులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. పక్కనున్న చోడవరం మండలంలో గోవాడ సహకార చక్కెర కర్మాగారం. చెరకు బకాయిల కోసం అక్కడి రైతులు రోడ్డెక్కిన వార్తలు మీరూ చదివే ఉంటారు. ఇంకొంచెం దిగువన బెల్లానికి పేరుమోసిన అనకాపల్లి.

ఇప్పుడు బీచిరోడ్డున మీ ముందు పెట్టిన కప్పును ఒకసారి తలచుకోండి. అందులో గింజ అనంతగిరిది కావచ్చు, నీళ్ళు రైవాడవి కావచ్చు, చక్కెర గోవాడది కావచ్చు. పాలు తప్ప తక్కినదంతా ఒకే నది పరీవాహకంలో దొరికే వస్తువు. ఇంత దగ్గరలో ఉన్నదాన్ని చూపించకుండా తెల్లదొరలు కట్టిన గోడల ముందు నిలబెట్టి కాఫీ కథ చెబుతామంటే దానిని కాపీ అనవచ్చునేమో గాని కాఫీ అనలేము.

ఇక రుచి సంగతి. మనం రుచి చూడటాన్ని వినోదం అనుకుంటున్నాము. కాఫీ వ్యాపారంలో అది ధర కట్టే పని. నమూనా గింజను వేయించి, పొడి చేసి, వేడినీళ్ళు పోసి, కొద్ది నిమిషాలు ఆగి, పైన తేలిన పొరను చెంచాతో విడదీసి వాసన చూస్తారు. తరువాత నాలుకంతా పరుచుకొనేలా చప్పుడుతో జుర్రుతారు. పులుపుకు, తీపికి, చిక్కదనానికి, మింగాక మిగిలే రుచికి వేరువేరుగా మార్కులు వేస్తారు. నూటికి ఎనభై దాటితే అది విశిష్టమైన కాఫీ. దాటకపోతే మామూలు సరుకు. మామూలు అరబికాకు న్యూయార్కు, రోబస్టాకు లండను మార్కెట్లు కొలబద్దలు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్కులో అరబికా పౌను ధర నాలుగు డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. ఆ అంకె కొండ మీది సంత దాకా ఎంత చేరుతుందన్నది, సంతలో అమ్మేవాడికి తన సరుకు విలువ ఎంత తెలుసునన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. తన గింజ రుచి తానెరుగనివాడు బేరం ఎలా ఆడగలడు? కొనేవాడు నాలుక చప్పరించి "ఇది అంతంతమాత్రం" అంటే, తల ఊపడం తప్ప అతనికి మరో దారి ఉండదు.

ఆ కొండల మీద ఏమీ జరగలేదని నేననడం లేదు. పోడు తగ్గాలని, గిరిజన కుటుంబాలకు నిలకడైన ఆదాయం ఉండాలని ప్రభుత్వమే కాఫీని ప్రోత్సహించింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగ, వెరసి ఒక చెక్క మీద రెండు పంటలు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తున్నది. రైతుల సహకార సంఘం, నాంది ఫౌండేషన్ కలిసి నడిపిన ప్రయత్నం వల్ల 2017లో పారిస్‌లో అరకు పేరిట కాఫీ దుకాణం తెరిచారు. ఏటా రైతుల గింజకు రుచిపోటీలు పెట్టి, నిపుణులను రప్పించి, గెలిచినవారిని సత్కరించారు. 2019లో అరకు వేలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే ఇవి ఉన్నాయి గనుకనే నా కోపం ఇంకా ఎక్కువ. పారిస్ దాకా దారి వేయగలిగినవాళ్ళం, బీచిరోడ్డు నుంచి కొండ దాకా ఒక కథ చెప్పలేమా? అరకు పేరుతో మనం కొనే పొట్లంలో పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల గింజలు కూడా ఉంటాయని మనలో ఎందరికి తెలుసు?

భాష విషయం కూడా చెప్పాలి, మనమంతా మాటల మీద మమకారం ఉన్నవాళ్ళం గనుక. అరకు కాఫీ పొట్లాల మీద రుచి వర్ణన చదవండి. బ్లూబెర్రీ, కారమెల్, సిట్రస్. ఆ గింజ కోసిన మనిషికి బ్లూబెర్రీ అంటే ఏమిటో తెలియవలసిన అవసరం లేదు. నేరేడుపండు తెలుసు. పనసతొన తెలుసు. తాటిబెల్లం, ఈతపండు, అడవిమల్లె, చింతచిగురు తెలుసు. త్రియెస్తెవాళ్ళు ఎస్ప్రెస్సో అన్న మాటను కూడా పక్కన పెట్టి సొంత పేర్లు పెట్టుకున్నారు. మనం అనుకరించవలసినది ఏదైనా ఉంటే ఆ స్వతంత్రబుద్ధిని. మన రుచికి మన మాట ఉంటే దాన్ని బట్టి కొండ మీది మనిషి కొనేవాడితో వాదించగలడు. "ఇందులో నేరేడు పులుపు ఉన్నది, వాసన చూడు" అని గట్టిగా అనగలడు.

ఇక నడక. మార్గదర్శి వెంట సరదాగా నడవడం ఒక నడక. అనంతగిరి మండలంలో పినకోట, జీనబాడు వంటి పంచాయతీల కొండవాడల్లో మరొకటి ఉన్నది. నొప్పులు మొదలైన గర్భిణిని డోలీలో మోసుకుంటూ, వాహనం దొరికే చోటు దాకా రాళ్ళదారిన దిగివచ్చే నడక అది. అలా దిగినవారిలో అనేకులు ఆసుపత్రి కోసం వచ్చేది మా దేవరాపల్లికే. ఇట్టి వార్తలు పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. 2025లో "అడవితల్లి బాట" పేరిట కొండవాడలకు రోడ్లు వేసే పని మొదలైంది. సంతోషం. ప్రతి వాడకూ ఆ బాట చేరిన రోజున నేను ఈ పేరా తీసేస్తాను. అప్పటిదాకా, అదే కొండల గింజ పేరు చెప్పి నగరంలో కిలోమీటరు నడిచి అలసిపోయామని కుర్చీలో కూలబడటం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

"నువ్వు ప్రతి కప్పులోనూ కన్నీళ్ళు కలుపుతావు, హాయిగా తాగనివ్వవు" అని ఒక మిత్రుడు అన్నాడు. నేను కోరేది కన్నీళ్ళు కాదు, లెక్క. ఆరు కిలోల వరకు పళ్ళు కోస్తే గాని కిలో గింజ రాదని చెప్పండి. కోసిన పండును ఆలస్యం లేకుండా తోలు తీసి, పులియబెట్టి, కడిగి, రోజుల తరబడి ఆరబెట్టాలని, అందులో ఏ ఒక్కటి తప్పినా కప్పు చెడుతుందని చెప్పండి. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనబడిందని, రైతులు గుండె చేతబట్టుకున్నారని చెప్పండి. ఇవి తెలిసినంత మాత్రాన కాఫీ చేదెక్కదు. గింజ విలువ తెలిసి తాగేవాడు మరో పది రూపాయలు ఇవ్వడానికి వెనుకాడడు కూడా.

మరొక వాదం: పర్యాటకులు వస్తే నాలుగు డబ్బులు వస్తాయి గదా అని. వస్తాయి. ఎవరికి అన్నదే ప్రశ్న. బీచిరోడ్డు నడకలో డబ్బు బీచిరోడ్డులోనే ఆగిపోతుంది. కాఫీ పేరు చెప్పి సంపాదించినప్పుడు అందులో కాఫీ పండించినవారికి వాటా ఉండాలనడం అత్యాశ అవుతుందా?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మన కాఫీ నడక రైవాడ గట్టు మీద మొదలు కావాలి. శారదానది ఎటునుంచి వస్తున్నదో, ఎటు పోతున్నదో అక్కడ నిలబడి చూడాలి. దారి ఉన్నంత మేర బండిలో, తరువాత కాలినడకన పైకి పోవాలి. నవంబరు నుంచి జనవరి దాకా, పళ్ళు ఎర్రబడి కోతలు సాగే రోజుల్లో పోవాలి. మార్గదర్శిగా తోట యజమాని అయిన గిరిజన రైతే ఉండాలి; ఆ పనికి నగరపు మార్గదర్శికి ఇచ్చేంత రుసుము ఇవ్వాలి. సంతలో పండుకు ఎంత, గింజకు ఎంత, విశాఖ దుకాణంలో పొట్లానికి ఎంత, పారిస్‌లో కప్పుకు ఎంత అన్నది ఒక పలక మీద రాసి చూపాలి. చివర రుచి చూసే బల్ల ముందు మొదటి చెంచా ఆ ఊరివారు అందుకోవాలి. వారు వారి మాటల్లో రుచి చెప్పాలి. మనం రాసుకోవాలి. మన వంతు చెంచా ఆ తరువాత.

ఇది రెండు గంటల్లో తెమిలే వ్యవహారం కాదు, రెండు రోజులు పడుతుంది. దారిలో జాయిస్ విగ్రహం ఉండదు, అద్దాల బీరువాలు ఉండవు, జలగలు మాత్రం తప్పకుండా ఉంటాయి. ఇట్టి నడకకు మీలో ఎందరు సిద్ధమో చెప్పండి. పదిమంది కుదిరితే, ఈ కోతల కాలానికి మా ఊళ్ళో బస ఏర్పాటు నేను చూస్తాను. గట్టి చెప్పులు మాత్రం మీరే తెచ్చుకోవాలి.