ఎనిమిది సిలిండర్లు ఎందుకు వద్దన్నాడంటే...

కంపెనీ పని మీద ఏడాదిన్నర పాటు ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ పక్కన ఉన్నాను. ఆ ఏడాదిన్నరలో ఆఫీసులో నేర్చుకున్నదాని కన్నా పక్కింటి గ్యారేజీలో నేర్చుకున్నదే ఎక్కువ. మా మేనేజర్‌కి తెలుగు రాదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

పక్కింటాయన రిటైరైన స్కూల్ టీచర్. డెబ్బై దాటాయి. ఆయన దగ్గర 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ ఉంది. ఎంజీ అనగానే మీకు ఇప్పుడు మన రోడ్ల మీద తిరుగుతున్న ఎస్‌యూవీలు గుర్తొస్తాయేమో. పేరొక్కటే, కారు వేరు. ఇది రెండే సీట్లు, మడతపెట్టే గుడ్డ టాపు ఉన్న బుల్లి స్పోర్ట్స్ కారు. ఆబింగ్డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 దాకా తయారైంది. ఐదు లక్షలకు పైగా చేశారు. అందుకే అక్కడ ఇది మ్యూజియం సరుకు కాదు, ఇప్పటికీ నట్టు నుంచి కొత్త బాడీ షెల్ దాకా అన్నీ దొరుకుతాయి.

పెళ్లయిన కొత్తలో ఆయనా, ఆవిడా కలిసి కొన్న కారట. ఆ కార్లోనే స్కాట్లాండ్ కొండల్లో తిరిగొచ్చారట. ఆవిడ పోయి మూడేళ్లు. అప్పట్నుంచి కారు దుప్పటి కిందే ఉంది. ‘ఇంకొక్కసారి అదే దారిలో వెళ్లొస్తా’ అన్నాడు ఓ రోజు. అక్కడ డెబ్బై దాటితే మూడేళ్లకోసారి లైసెన్స్ రెన్యువల్ చేయించుకోవాలి. కంటిచూపు తగ్గుతోందని ఆయనకు తెలుసు. వచ్చే రెన్యువల్ వస్తుందో రాదో. అంటే టైమ్ ఉంది గానీ, ఎక్కువ లేదు.

సమస్యలు రెండు. మొదటిది ఇంజిన్. వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ 50కి పైన ఉండాల్సింది 25 దగ్గరే ఆగిపోతోంది. కింద నుంచి ‘టక్ టక్’ అని చప్పుడు. మన మెకానిక్ భాషలో ఇంజిన్ బోరుకొచ్చింది. రెండోది గేర్లు. దీనికి ఉన్నవి నాలుగే. గంటకు 112 కిలోమీటర్లు, అంటే వాళ్ల మోటర్‌వే స్పీడ్‌లో వెళ్తే ఇంజిన్ నిమిషానికి దాదాపు 3,900 సార్లు తిరుగుతుంది. స్కాట్లాండ్‌లో ఫోర్ట్ విలియం దాకా ఆరు వందల కిలోమీటర్లకు పైనే. గుడ్డ టాపు కింద అన్ని గంటలు ఆ హోరులో కూర్చోవడం డెబ్బై ఏళ్ల మనిషికి శిక్షే.

నేను క్షణం ఆలోచించకుండా ‘వీ8 వేసేద్దాం’ అన్నాను.

ఊరికే అనలేదు లెండి. ఎంజీబీ ప్రపంచంలో ఇది పాత, పెద్ద ప్రలోభం. అమెరికాలో బ్యూక్ కంపెనీ 1961లో 3.5 లీటర్ల వీ8 ఇంజిన్ ఒకటి తెచ్చింది. బ్లాక్, హెడ్స్ అన్నీ అల్యూమినియమే. మూడేళ్లకే వాళ్లు దాన్ని వదిలేస్తే, బ్రిటన్‌లో రోవర్ హక్కులు కొనుక్కుంది. ఎంజీబీలో అసలు ఉండేది ఇనుప బ్లాకు, నాలుగు సిలిండర్లు, 1,798 సీసీ. తమాషా ఏంటంటే ఈ రెండింటి బరువూ దాదాపు సమానం! కెన్ కాస్టెల్లో అనే ఆయన ఇది గమనించి, 1970ల మొదట్లో ఎంజీబీల్లో వీ8లు బిగించి అమ్మడం మొదలుపెట్టాడు. కార్బొరేటర్లు పట్టక బానెట్‌కి ఓ బుడిపె పెట్టాల్సొచ్చింది. అది చూసి కంపెనీ కూడా 1973లో సొంతంగా ఎంజీబీ జీటీ వీ8 తెచ్చింది. కార్బొరేటర్లను ఇంజిన్ వెనక్కి జరిపి బుడిపె లేకుండా చేసింది. 137 హార్స్‌పవర్. టార్క్ అయితే మామూలు ఎంజీబీ కన్నా ముప్పావు వంతు ఎక్కువ. 1976లో ఆపేసే నాటికి చేసినవి 2,591 మాత్రమే.

ఇదే రోవర్ ఇంజిన్‌కి మనవైపు ఒక విషాద గాథ ఉంది. రోవర్ ఎస్‌డీ1 అనే కారు ఈ వీ8తోనే పేరు తెచ్చుకుంది. ఆ బాడీనే మన మద్రాసులో 1985లో ‘స్టాండర్డ్ 2000’గా తెచ్చారు. లోపల ఇంజిన్ మాత్రం పాత స్టాండర్డ్ వాన్‌గార్డ్ నాటి రెండు లీటర్లది. ప్రపంచమంతా చిన్న ఇంజిన్ తీసి పెద్దది వేస్తుంటే మనం తిరగేసి చేశాం. కొన్నేళ్లకే ఆ కారు కథ ముగిసింది.

సరే. నా ఉపన్యాసమంతా విని పెద్దాయన టీ కప్పు కింద పెట్టి ఒక్కటే అడిగాడు: ‘ఇంజిన్ తర్వాత ఏముంది?’

నాకు అర్థం కాలేదు. నిజానికి నాకే ముందు తట్టాల్సిన ప్రశ్న అది. ఎందుకంటే మా ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు ఒకసారి చూశాం.

మా నాన్న రాజమండ్రిలో టాక్సీ నడిపేవాడు. పెట్రోల్ అంబాసిడర్. నేను మూడో తరగతిలో ఉండగా, పెట్రోల్ ఖర్చు భరించలేక ఏదో వ్యాన్‌లోంచి తీసిన డీజిల్ ఇంజిన్ వేయించాడు. అప్పట్లో అందరూ చేసిన పనే. మెకానిక్ మౌంట్లు వెల్డింగ్ చేశాడు, ఇంజిన్ కూర్చుంది, స్టార్టయింది, అందరం కొబ్బరికాయ కొట్టి సంతోషించాం. ముందు భాగం కొంచెం కిందికి దిగినట్టు అమ్మ ఒక్కతే గమనించింది. ఆ వేసవిలో భద్రాచలం కిరాయి నుంచి వస్తూ మారేడుమిల్లి ఘాట్ దిగుతున్నారు. బండి నిండా మనుషులు. ముందు పెరిగిన బరువు. బ్రేకులు మాత్రం అవే, నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ములే. సగం దిగేసరికి కాలిన వాసన, పెడల్ తొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. నాన్న రెండో గేర్‌లోకి లాగి, బండిని కొండ వైపు గట్టుకి రాసి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎడమ వైపు రెండు తలుపులు పోయాయి. నాన్న ఆ సంగతి ఇంట్లో చెప్పింది మాత్రం పదేళ్ల తర్వాత.

కాబట్టి పెద్దాయన అడిగింది సరైన ప్రశ్న. ఇంజిన్ తర్వాత ఏముందో లెక్కేద్దాం రండి. మొదట క్లచ్. పెరిగిన టార్క్‌కి పాత ప్లేటు జారిపోతుంది. తర్వాత గేర్‌బాక్స్. నాలుగు సిలిండర్ల కోసం చేసిన పళ్లు ఎనిమిదింటి గుద్దుడు ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి? తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని జాయింట్లు. తర్వాత వెనక క్రౌన్, పినియన్. మామూలు ఎంజీబీలో దాని నిష్పత్తి 3.9, వీ8లో కంపెనీ 3.07 వేసింది. ఎందుకు? వీ8కి అంత లాగుడు గేరింగ్ అక్కర్లేదు, పాతదే ఉంచితే ఊరికే అరుస్తుంది. ఆపైన రేడియేటర్, సస్పెన్షన్. చివరికి బ్రేకులు. కంపెనీ వాళ్లు కూడా వీ8కి ముందు డిస్కులు మందంగా చేశారు.

మనం కోడ్‌లో ఒక లైబ్రరీ వెర్షన్ మారిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ వరసగా ఎర్ర అక్షరాల్లో తిడతాయి కదా. కార్లో ఆ సౌకర్యం లేదు. ఇంజిన్ కూర్చోగానే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఎర్రర్ మెసేజ్ ఘాట్ రోడ్డు మీద వస్తుంది.

ఇవన్నీ చేయలేనివి కావు. డబ్బూ, ఓపికా ఉన్నవాళ్లు చాలామంది చక్కగా చేశారు, నేనూ ఒకటి నడిపి చూశాను. ఆ గొంతు విన్నాక మూడు రోజులు నిద్ర పట్టలేదు. కానీ పెద్దాయనకు కావాల్సింది వేగం కాదు. ‘నా భార్య పక్కన కూర్చుని విన్న ఇంజిన్ ఇది’ అన్నాడు. ఇక నేను నోరు మూసుకున్నా.

చివరికి ఆయన రాసుకున్న పథకం ఇది. ఇంజిన్ అదే, లోపల కొత్తగా. గేర్‌బాక్స్ మాత్రం వేరే.

ఎంజీబీలో క్లచ్ ప్లేట్ మార్చాలన్నా ఇంజిన్ దించాల్సిందే. మేం రెండూ కలిపి ఒక శనివారం దించాం. క్రాంక్ లేత్ పనికి వెళ్లింది, కొత్త షెల్ బేరింగులొచ్చాయి. సిలిండర్లు 60 థౌ పెంచి బోర్ కొట్టిస్తే 1,798 కాస్తా 1,868 సీసీ అయింది. దానివల్ల కారు రాకెట్ అయిపోదు, అరిగిన గోడల స్థానంలో కొత్త గోడలొస్తాయి, అంతే. హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేయించాం. ఇది ముఖ్యం. పాత రోజుల్లో పెట్రోల్‌లో కలిపే సీసం వాల్వ్ సీట్లకు మెత్తలా పనిచేసేది. సీసం తీసేశాక, మెత్తటి ఇనుప సీట్లు ఎక్కువ వేగంలో అరిగి లోపలికి దిగిపోతాయి. మన దగ్గరా పాత బండ్లది ఇదే సంగతి. మీ తాతయ్య కారు బయటికి తీసే ఆలోచనుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

హెడ్ చేతిలోకి తీసుకుని చూస్తే ఈ ఇంజిన్ ఎందుకు 95 హార్స్‌పవర్ దగ్గరే ఆగిందో తెలిసిపోతుంది. నాలుగు సిలిండర్లకి గాలి లోపలికి వెళ్లే దారులు రెండే. ఇద్దరిద్దరు ఒకే గుమ్మంలోంచి దూరాలన్నమాట. ఆ ఇరుకులోనే ఎంత చేసినా.

గేర్‌బాక్స్ కథ ఇంకా బాగుంటుంది. ఫోర్డ్ సియెర్రా కార్లో వాడిన ‘టైప్ 9’ ఐదు గేర్ల పెట్టెని ఎంజీబీకి తగిలించే కిట్లు అక్కడ అమ్ముతారు. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య కొత్త బెల్ హౌసింగ్, ఫోర్డ్ షాఫ్ట్‌కి సరిపడే పళ్లున్న క్లచ్ ప్లేట్, క్రాంక్ చివర్లో కొత్త బుష్, కొలత మార్చిన ప్రొపెల్లర్ షాఫ్ట్. స్పీడోమీటర్ కూడా సరిచేయించాలి, లేకపోతే అబద్ధాలు చెబుతుంది. ఐదో గేర్‌లో 3,900 కాస్తా 3,200కి దిగింది. వినడానికి చిన్న తేడా. టాపు కింద కూర్చుంటే పక్కనున్న మనిషి మాట వినపడేంత తేడా.

బెల్ హౌసింగ్ బిగించేటప్పుడు రెండు ఆదివారాలు నా తప్పు వల్లే పోయాయి. క్లచ్ ప్లేట్ తిరగేసి పెట్టాను. అన్నీ బిగించాక పెడల్ తొక్కితే క్లచ్ విడవదు. మళ్లీ మొత్తం దించాం. ఆయన ఒక్క మాట అనలేదు, టీ మాత్రం పెట్టలేదు.

మన దగ్గర ఇలాంటివి చేయాలనుకునేవాళ్లకి ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో రాసినవి కంపెనీ చెప్పినదానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలన్నా అనుమతి తీసుకోవాలి. పైగా 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల్లో యాభై ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ నంబరు ఇస్తారు గానీ, ఇంజిన్, ఛాసిస్, బాడీ పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉండాలి. అంటే షెడ్డులో ఉన్న పాత ఫియట్‌లో కొత్త ఇంజిన్ వేసి రీల్స్ పెట్టేముందు, ఏం పోగొట్టుకుంటున్నారో చూసుకోండి.

మొదటిసారి స్టార్ట్ చేసిన సాయంత్రం నాన్నకి వీడియో కాల్ చేశాను. పెద్దాయన కీ తిప్పాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు 60 దాకా లేచింది. ఆయన డ్రైవర్ సీట్లోంచి లేవలేదు. పక్క సీటు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. నేను ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టాను.

‘ఒరే, ఇది మన అంబాసిడర్ చప్పుడే కదరా!’ అన్నాడు నాన్న.

నిజమే. అంబాసిడర్‌లో ఉన్న 1,489 సీసీ ఇంజిన్, ఈ ఎంజీబీ ఇంజిన్ ఒకే కుటుంబం. బీఎంసీ బీ సిరీస్. ఎక్కడో చదివి నాకు ముందే తెలుసు. నాన్న మాత్రం ఎక్కడా చదవలేదు.

కాసేపు విని, ‘మూడో దాని దగ్గర టాపెట్ వదులుగా ఉంది. పదిహేను థౌ పెట్టమని ఆయనకి చెప్పు’ అన్నాడు.

ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే మూడో సిలిండర్ దగ్గర పద్దెనిమిదుంది.