వుదరింగు హైట్సు నవలయందలి భయము

“వుదరింగు హైట్సు” అను ఆంగ్ల నవల పాఠశాల గ్రంథాలయమున ఉండదగదని కొందరు తలిదండ్రులు తలచుచున్నారు. అందు దయ్యమును శాపములును గలవని వారి అభ్యంతరము. మంచు తుపాను రాత్రి యొక అతిథి కిటికీ యద్దము పగులగొట్టి చేయి చాపగా, చల్లని చిన్న చేయి యొకటి వానిని పట్టుకొను ఘట్టము ఒంటరిగా చదువుటకు కష్టమే.

అయినను అందలి నిజమైన భయము కిటికీ వెలుపల లేదు. కాథరిను అను బాలిక అన్నయగు హిండ్లీకి భార్య క్షయరోగముచే మృతినొందినది. ఆతడు ఏడ్వలేదు, ప్రార్థింపలేదు. దేవుని దూషించి త్రాగుడునకు లోబడెను. ఒకనాడు మైకమున తన పసిబిడ్డనే మేడపైనుండి జారవిడువగా, క్రిందనున్న హీత్‌క్లిఫు పట్టుకొనుటచే బిడ్డ బ్రతికెను. యజమానుడు త్రాగి వచ్చునప్పుడు బిడ్డను అలమరలో దాచుటయు, తుపాకిలోని గుండ్లు తీసివేయుటయు దాది నెల్లీకి నిత్యకృత్యమయ్యెను. ఇట్టి యిండ్లనుండి బడికి వచ్చు పిల్లలను దయ్యము బెదరింపగలదా?

ఈ గ్రంథమును 1847లో ప్రకటించిన ఎమిలీ బ్రాంటీ, యార్కుషైరులోని హావర్తు పాదిరిగారి కుమార్తె. ఆమె సోదరుడు బ్రాన్వెలు మద్యమునకును నల్లమందునకును దాసుడై, అదే యింట 1848 సెప్టెంబరు 24వ తేదిని మరణించెను. డిసెంబరు 19న ఆమెయు గతించెను. వినికిడిచే వ్రాసిన పుస్తకము కాదిది.

మమ్ము మిక్కిలి కలత పెట్టిన విషయము వేరొకటి కలదు. హిండ్లీ చెడిన పిమ్మట పాదిరి ఆ యింటికి వచ్చుట మానెను. మర్యాదస్థులెవ్వరును గడప త్రొక్కలేదు. నోట వాక్యములు గల ముసలి సేవకుడు జోసెఫు మాత్రము గద్దించుటకై నిలిచెను. అతని వాక్యములు తప్పులు కావు, కనికరమే లేదు. మన సంఘములలో త్రాగుబోతు ఇంటికి పెద్దలు ఎన్నిమారులు పోవుచున్నారు? ఆ యింటి పిల్లవాడు బడికి రానియెడల హాజరు పట్టీలో గుర్తు పెట్టి ఊరకుందుమా?

హిండ్లీ కుమారుడగు హేర్టను చదువు లేక పెరిగెను. తన యింటి ద్వారముపై చెక్కిన తన పేరే అతడు చదువలేకపోయెను. మేనత్త కూతురు కాథీ మొదట నవ్వినది. తరువాత ప్రక్కన కూర్చుండి నేర్పినది. ఈ పుస్తకము పై తరగతులవారికి ఈయవలెననియే మా అభిప్రాయము. తలిదండ్రులును దయ్యమున్న పుటతో ఆపక, హేర్టను చదువు నేర్చు పుటలవరకు చదువుదురు గాక.