ఆటపాకలో తరగని సందడి

కైకలూరు: వినోద పార్కులో కొత్త ఆట పెట్టిన ఏడాది సందర్శకులు బారులు తీరతారు. అది పాతబడగానే నిర్వాహకులు మరొకటి వెతుక్కోవలసిందే. ఆటపాక పక్షుల కేంద్రానికి ఆ బెడద లేదు. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు తరలివచ్చి గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలను పెంచుకోవడమే ఇక్కడి కొత్తదనం. చూసినవారికి మళ్లీ చూడాలనిపించేది అందుకే. పడవలో చోటు చాలక పెరిగే వరుస సంగతి వేరు.

అటవీశాఖ ఇనుప స్టాండ్లు అమర్చినా, చెరువులో నీరు లేనిదే పక్షి నిలవదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. అయినా ఆక్రమణలు, వేసవి నీటి ఎద్దడి సరస్సును వదలలేదు. పర్యాటకం పేరిట వెచ్చించే నిధుల్లో తొలి వాటా పడవలకు, రంగులకు కాక ఆ నీటికి దక్కాలి.